టు పింప్ ఎ బటర్‌ఫ్లై: తరచుగా అడిగే ప్రశ్నలు

కెండ్రిక్ లమార్ ఆల్బమ్ 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' మాట ఎత్తితే చాలు, వచ్చే ప్రశ్నలు ఇవి. ర్యాప్ అంటే ఆమడ దూరం పోయేవాళ్ళు అడిగేవీ, ర్యాప్‌లో మునిగి తేలేవాళ్ళు అడిగేవీ కలిపే ఇక్కడ పెట్టాం. వరసగా చదివితే బాగుంటుంది. తీరిక లేకపోతే మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్ళండి.

ఇంతకీ ఏమిటీ ఆల్బమ్?

కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో 1987లో పుట్టిన ర్యాపర్ కెండ్రిక్ లమార్ మూడో స్టూడియో ఆల్బమ్. 2015 మార్చి 23న రావాల్సింది వారం ముందే, మార్చి 15న ఆన్‌లైన్‌లోకి వచ్చేసింది. 16 పాటలు, దాదాపు 79 నిమిషాలు. అంతకుముందు 2012లో వచ్చిన 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' అతన్ని పెద్ద స్టార్‌ని చేసింది. అలాంటిదే ఇంకోటి చేసి ఇచ్చి ఉంటే అభిమానులు, కంపెనీ అందరూ సంతోషించేవాళ్ళే. అతను ఆ దారి వదిలేసి జాజ్ వాద్యకారుల్నీ ఫంక్ (బేస్ ఊపు మీద నడిచే నల్లజాతి నృత్య సంగీతం) పాత దిగ్గజాల్నీ స్టూడియోకి పిలిచాడు. ర్యాప్ పాటల మధ్యలో కవిత చదివాడు, ఏడ్చాడు, చనిపోయిన మనిషితో సంభాషించాడు.

హిప్‌హాప్ అంటారు, వింటే జాజ్‌లా ఉంది, కాసేపటికి ఫంక్‌లా ఉంది. దీన్ని ఏ కోవలో వేయాలి?

హిప్‌హాప్ కోవలోనే. ఆ గొడుగు కింద ఎన్నెన్ని ఉన్నాయో చూడండి.

మొదటి పాట 'వెస్లీస్ థియరీ' 1970ల ఫంక్. సాక్షాత్తూ ఫంక్ దిగ్గజం జార్జ్ క్లింటన్ గొంతే వినిపిస్తుంది. రెండోది 'ఫర్ ఫ్రీ?' వేగంగా పరుగెత్తే జాజ్. పియానో, బేస్, డ్రమ్స్, శాక్సోఫోన్ తప్ప అందులో హిప్‌హాప్ బీట్ అన్నదే లేదు. మూడోది 'కింగ్ కుంటా'కి వచ్చేసరికి కాంప్టన్ వీధుల్లో కార్లలో మోగే వెస్ట్ కోస్ట్ బేస్ దిగుతుంది. 'దీజ్ వాల్స్'లో నెమ్మదైన సోల్. 'హుడ్ పాలిటిక్స్'లో సుఫ్యాన్ స్టీవెన్స్ అనే ఇండీ గాయకుడి పాట ముక్క ఒకటి శాంపిల్‌గా ఉంది. 'ద బ్లాకర్ ద బెర్రీ' కటువైన డ్రమ్స్ మీద నడుస్తుంది, మధ్యలో జమైకా డాన్స్‌హాల్ గాయకుడు అసాసిన్ గర్జిస్తాడు. చివరి పాట 'మోర్టల్ మ్యాన్' కింద నడిచేది నైజీరియా సంగీతకారుడు ఫేలా కుటీ బాణీ. అయితే నేరుగా ఆయన రికార్డు నుంచి కాదు, హ్యూస్టన్ పర్సన్ అనే అమెరికన్ శాక్సోఫోన్ కళాకారుడు వాయించిన రూపంలోంచి తీసుకున్నారు.

ఇన్ని కలపడం గొప్ప కోసం చేసినట్టు లేదా?

ఈ పేజీ మొత్తంలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే అనుకుంటాం. మా జవాబు: లేదు. ఈ ఆల్బమ్‌లో ఏ సంగీతమూ ఊరికే రాలేదు. కథలో ఆ ఘట్టానికి అదే కావాలి కాబట్టి వచ్చింది.

'వెస్లీస్ థియరీ'నే తీసుకోండి. కొత్తగా డబ్బు చేతికొచ్చిన కుర్రాడి కథ అది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టగానే ఏమేం కొనాలో లెక్కలు వేసుకుంటాడు. రెండో చరణంలో అమెరికా ప్రభుత్వమే 'అంకుల్ శామ్' రూపంలో వచ్చి కొనుక్కో నాయనా, ఏది కావాలంటే అది కొనుక్కో అని ఊరిస్తుంది. కొన్నాక పన్ను ఎగవేశావని పట్టుకుంటుంది. పేరులోని వెస్లీ అంటే పన్ను రిటర్నులు దాఖలు చేయనందుకు జైలుకెళ్ళిన నటుడు వెస్లీ స్నైప్స్. ఈ ఊరింపుకి ఏ సంగీతం పెట్టాలి? ఒళ్ళు తెలియకుండా ఊగించే ఫంక్. వినేవాడూ ఆ బేస్ మీద తేలిపోతూ ఉచ్చులోకి నడుస్తాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. 1992లో ర్యాపర్, ప్రొడ్యూసర్ డాక్టర్ డ్రే 'ద క్రానిక్' ఆల్బమ్‌తో లాస్ ఏంజెలెస్ ర్యాప్‌కి ఒక శబ్దం తెచ్చిపెట్టాడు. దానికి పునాది జార్జ్ క్లింటన్ నడిపిన పార్లమెంట్-ఫంకడెలిక్ పాటలే. ఈ పాటలో క్లింటన్ స్వయంగా ఉన్నారు, డ్రే గొంతు ఫోన్‌లో వినిపిస్తుంది, ఇల్లు సంపాదించడం కాదు నిలబెట్టుకోవడమే కష్టమన్న అర్థంలో హెచ్చరిస్తుంది. తాత, తండ్రి, మనవడు ఒకే పాటలో నిలబడ్డారు. శాంపిల్ ముక్క అతికిస్తే ఈ బలం రాదు.

'ఫర్ ఫ్రీ?'లో జాజ్ ఎందుకంటే అక్కడ వాగ్యుద్ధం జరుగుతోంది. ఒక స్త్రీ గొంతు అతన్ని తిట్టిపోస్తుంది. అతను ఊపిరి తీసుకోకుండా జవాబు చెబుతాడు. ఆ స్త్రీ మరెవరో కాదు, అమెరికాయే అని, నిన్ను ధనవంతురాల్ని చేసిన పత్తి ఏరింది నేనే అని చివర్లో తేలుతుంది. స్థిరమైన బీట్ ఉంటే మాట దానికి లోబడి నడవాలి. ఇక్కడ మాట ఎటు దూకితే పియానో అటు దూకుతుంది. రెండు నిమిషాలు దాటగానే అయిపోతుంది. ఆల్బమ్‌లో చిన్నవాటిలో ఒకటి, అయినా ఒక్కసారి విని ఊరుకోలేం.

ఇదంతా కంప్యూటర్‌లో అతికించిన శాంపిల్సేనా? నిజంగా వాయించారా?

రెండూ ఉన్నాయి. పాత రికార్డుల ముక్కలు ఉన్నాయి. మొట్టమొదట వినిపించే గొంతు కూడా జమైకా గాయకుడు బోరిస్ గార్డినర్ 1970ల పాటలోదే. కానీ ఆల్బమ్ ఒళ్ళంతా మనుషులు వాయించినదే.

ఎవరెవరో చెప్పాలి. బేస్ గిటార్ థండర్‌క్యాట్, అసలు పేరు స్టీఫెన్ బ్రూనర్. ఇతను కొన్నేళ్ళు సూయిసైడల్ టెండెన్సీస్ అనే పంక్-మెటల్ బ్యాండ్‌లో వాయించాడు, ఇటు జాజ్‌లోనూ పెరిగాడు. శాక్సోఫోన్, ప్రొడక్షన్ టెరేస్ మార్టిన్. కమాసి వాషింగ్టన్ శాక్సోఫోన్ వాయించడమే కాదు, తంత్రీ వాద్యాల కూర్పు కూడా చూశాడు. పియానో రాబర్ట్ గ్లాస్పర్. ట్రంపెట్ అంబ్రోస్ అకిన్‌ముసీరే. 'వెస్లీస్ థియరీ' నిర్మించిన ఫ్లయింగ్ లోటస్ జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్ట్రేన్‌కి మనవడి వరస. వీళ్ళందర్నీ ఒక తాటి మీద నడిపిన ప్రొడ్యూసర్లలో సౌన్‌వేవ్‌ది పెద్ద చెయ్యి. కెండ్రిక్ తొలి రోజుల నుంచీ వెంట ఉన్నవాడు.

వీళ్ళలో చాలామందిది లాస్ ఏంజెలెసే. కమాసి, థండర్‌క్యాట్ చిన్ననాటి స్నేహితులు. కమాసి, టెరేస్ మార్టిన్ ఇద్దరూ ఒకప్పుడు ర్యాపర్ స్నూప్ డాగ్ వెనక వాయించే బ్యాండ్‌లో ఉన్నవాళ్ళు. పొద్దున జాజ్ క్లబ్బులో, రాత్రి ర్యాప్ షోలో వాయించి బతికిన మనుషులకి ఈ రెండూ వేరువేరు సంగీతాలు అన్న పట్టింపు ఉండదు. కలిపినట్టు కాకుండా కలిసే పుట్టినట్టు ఈ ఆల్బమ్ వినిపించడానికి కారణం అదే.

జాజ్, హిప్‌హాప్ కలపడం కొత్తేమీ కాదు కదా?

కాదు. 1991లోనే ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ బృందం ఆల్బమ్ 'ద లో ఎండ్ థియరీ'లో ఒక పాటకి జాజ్ బేస్ దిగ్గజం రాన్ కార్టర్ స్వయంగా వచ్చి వాయించారు. 1993లో గురూ అనే ర్యాపర్ 'జాజ్‌మటాజ్' తెచ్చాడు. అసలు హిప్‌హాప్ పుట్టుకే వేరే రికార్డుల్లోని డ్రమ్ ముక్కల్ని తిప్పి తిప్పి వేయడంలో ఉంది.

ఆ తొంభైల పాటల్లో ఎక్కువగా జాజ్ ఒక హాయైన నేపథ్యం. ఈ ఆల్బమ్‌లో జాజ్ హాయిగా ఉండదు. గొంతుకి అడ్డు తగులుతుంది, వాదిస్తుంది, 'యు' పాటలో అయితే శాక్సోఫోన్ మనిషితో పాటు ఏడుస్తుంది.

పేరేమిటి అలా ఉంది?

హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' పేరును గుర్తుచేసేలా పెట్టాడు. మొదట అనుకున్న పేరు 'టు పింప్ ఎ క్యాటర్‌పిల్లర్', ఇంగ్లీషులో ఆ మాటల మొదటి అక్షరాలు (Tu-P-A-C) కలిపితే 1996లో చనిపోయిన ర్యాపర్ టుపాక్ పేరు వచ్చేలా. గొంగళిపురుగు తన పరిసరాల్ని తిని బతుకుతుంది, సీతాకోకచిలుక అందులోని ప్రతిభ, ఆ ప్రతిభను అమ్ముకుని సొమ్ము చేసుకునేవాళ్ళు మరొకరు. ఈ ఉపమానం చివరి పాటలో విడమరిచి చెబుతాడు కాబట్టి మొదటిసారి వినేవాళ్ళు దాని గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

పాటల చివర ఒకే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఎందుకు?

అది ఒక కవిత. 'కింగ్ కుంటా' చివర దాని మొదటి మాటలే వస్తాయి. నువ్వు నలిగిపోవడం నాకు గుర్తుంది, నీ పలుకుబడిని నువ్వు చెడ్డగా వాడుకున్నావు అని దాని భావం. తర్వాత కొన్ని పాటలు గడిచాక మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుని ఇంకొంచెం ముందుకి చదువుతాడు. మళ్ళీ ఆపుతాడు. ఎక్కడ ఆపాడో ఆ చివరి ముక్క తర్వాతి పాటకి తలుపు తీస్తుంది. హోటల్ గదిలో అరుచుకుంటూ కూర్చున్నాను అన్న చోట ఆపితే ఆ వెంటనే వచ్చేది ఆ హోటల్ గదే, 'యు'.

షఫుల్‌లో వింటే ఇదంతా ముక్కలైపోతుంది. దయచేసి మొదటిసారి షఫుల్ పెట్టకండి.

కథ క్లుప్తంగా చెప్పండి.

కాంప్టన్ నుంచి ఒక కుర్రాడు పైకొస్తాడు. డబ్బు, పేరు వస్తాయి. రెండు రకాల ప్రలోభాలు వెంటపడతాయి. ఒకటి పైన చెప్పిన అంకుల్ శామ్. రెండోది లూసీ అనే పాత్ర, అంటే లూసిఫర్, సైతాను. 'ఫర్ సేల్?'లో చాలా మెత్తగా, ప్రేమగా మాట్లాడుతుంది. మధ్యలో అతను కుప్పకూలతాడు. తర్వాత ఇంటికి, ఆఫ్రికాకి, తనవాళ్ళ దగ్గరికి తిరిగొస్తాడు. తెలుసుకున్నది వాళ్ళకి చెప్పాలని చూస్తాడు. చెబితే వింటారా, రేపు నా మీద నింద పడితే నాతో నిలబడతారా అన్న అనుమానంతో ముగుస్తుంది.

'యు' పాట వినలేకపోయాను. అందరికీ అంతేనా?

చాలామందికి అంతే. అది వినడానికి సుఖంగా ఉండాలని చేసిన పాట కాదు.

మొదట్లోనే అరుపు. తర్వాత అద్దం ముందు నిలబడి తనని తానే నిలదీసుకుంటున్నట్టు ఒక గొంతు. ప్రపంచానికి నీతులు చెబుతావు, నీ చెల్లెలు చిన్న వయసులోనే గర్భవతి అయితే ఎక్కడున్నావు అంటుంది. మధ్యలో తలుపు మీద దబదబ చప్పుడు, గది ఊడ్చే మనిషి స్పానిష్‌లో పిలుస్తుంది. అక్కడ సంగీతం మారిపోతుంది. రెండో సగంలో గొంతు తాగి ముద్దముద్దగా పలుకుతుంది, గ్లాసు శబ్దం, గుటక శబ్దం దగ్గరగా వినిపిస్తాయి. అప్పుడు అసలు విషయం బయటపడుతుంది. ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్న స్నేహితుణ్ణి చూడటానికి వెళ్ళలేదు, ఫోన్‌లో వీడియో కాల్ చేసి ఊరుకున్నాడు. ఆ స్నేహితుడు పోయాడు.

ఇక్కడ ఒక్క మనిషి రెండు గొంతులు పలుకుతున్నాడు, ఒకటి ముద్దాయి, ఒకటి ప్రాసిక్యూటర్. హరికథలో దాసుగారు ఒక్కరే పాత్రలన్నీ పలికినట్టు ఆల్బమ్ అంతటా కెండ్రిక్ గొంతు మారుస్తూనే ఉంటాడు, కానీ ఆ పనితనం అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది ఈ పాటలోనే. దీని వెంటనే 'ఆల్‌రైట్' వస్తుంది. 'యు' దాటేసి 'ఆల్‌రైట్' ఒక్కటే వింటే అది హుషారైన పాట మాత్రమే. 'యు' విన్నాక వింటే బతికి బయటపడ్డవాడి పాట.

'ఆల్‌రైట్' ఉద్యమ గీతం ఎలా అయింది?

ఫరెల్ విలియమ్స్, సౌన్‌వేవ్ చేసిన బీట్ అది. చిన్న స్వరపు ముక్కని కత్తిరించి మళ్ళీ మళ్ళీ తిప్పుతారు, దాని మీద టెరేస్ మార్టిన్ శాక్సోఫోన్ పాకుతుంది. మొదటి వాక్యం ఆలిస్ వాకర్ నవల 'ద కలర్ పర్పుల్'లో సోఫియా అనే పాత్ర మాటని గుర్తుచేస్తుంది, జీవితమంతా పోరాడాల్సే వచ్చింది అని. పల్లవి ఎవరైనా ఒక్కసారి వినగానే పట్టుకోగలిగేది.

కాలం కూడా అలాంటిదే. 2014 జులైలో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్, ఆగస్టులో ఫెర్గూసన్‌లో మైఖేల్ బ్రౌన్ అనే నల్లజాతివాళ్ళు పోలీసుల చేతిలో చనిపోయారు. దేశమంతా నిరసనలు సాగుతున్నాయి. 2015 జులైలో క్లీవ్‌ల్యాండ్‌లో నల్లజాతి ఉద్యమకారుల సదస్సు జరిగినప్పుడు, ఒక పిల్లవాణ్ణి పోలీసులు అదుపులోకి తీసుకున్న చోట జనం గుమిగూడి ఈ పల్లవి అందుకున్నారు. ఆ వీడియో ఊళ్ళు తిరిగింది. ఆ తర్వాత ఊరేగింపుల్లో అది నినాదమైపోయింది.

పార్టీలో వేసుకునే పాట అనుకుని చాలామంది చరణాలు పట్టించుకోరు. ఆ చరణాల్లో పోలీసుల భయం ఉంది, మోకాళ్ళు బలహీనపడటం ఉంది, లూసీ కూడా ఉంది. అంతా బాగుందని ఆ పాట ఎక్కడా అనదు. బాగవుతుందని నమ్మడానికి ప్రయత్నిస్తుంది.

దక్షిణాఫ్రికా ప్రయాణం సంగతేమిటి?

2014లో కెండ్రిక్ దక్షిణాఫ్రికా వెళ్ళాడు. నెల్సన్ మండేలాను బంధించిన రాబెన్ ద్వీపం జైలుకీ వెళ్ళి ఆయన గది చూశాడు. తిరిగొచ్చాక అప్పటిదాకా చేసిన పని చాలావరకు పక్కన పెట్టేశాడు. ఆల్బమ్‌లో దాని జాడ పలుచోట్ల ఉంది. 'మామా'లో తనలాగే ఉన్న ఒక పిల్లవాడు ఎదురుపడతాడు. 'మోర్టల్ మ్యాన్' మండేలా పేరుతోనే మొదలవుతుంది.

అన్నిటికన్నా 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్' చూడండి. పెట్రోల్ బంకు దగ్గర ఒక బిచ్చగాడు పది ర్యాండ్లు అడుగుతాడు. ఇతను ఇవ్వడు. మత్తు కోసమే అడుగుతున్నాడని అనుమానిస్తాడు, చిరాకుపడతాడు, తన కష్టార్జితం గురించి తనే సమర్థించుకుంటాడు. ఆ మనిషి కదలడు, కళ్ళలోకి చూస్తూనే ఉంటాడు. చివరికి తను ఎవరో చెబుతాడు: దేవుణ్ణి. నువ్వు దాచుకున్న ఆ నోటు ఖరీదు స్వర్గంలో నీ చోటు. ఆ తర్వాత క్షమించమని వేడుకునే గొంతు రోనల్డ్ ఐస్లీది. ఎన్నో దశాబ్దాలుగా పాడుతున్న పెద్దాయన గొంతులోని వణుకు అక్కడ పడినట్టు ఇంకెవరిదీ పడదు. 2015లో తనకి నచ్చిన పాట ఇదేనని అధ్యక్షుడు ఒబామా చెప్పారు.

'ఐ' పాట రేడియోలో ఒకలా, ఆల్బమ్‌లో ఒకలా ఎందుకుంది?

2014 సెప్టెంబర్‌లో సింగిల్‌గా (విడి పాటగా) వచ్చినప్పుడు అది ఐస్లీ బ్రదర్స్ 'దట్ లేడీ' ఆధారంగా చేసిన మెరిసే ఉల్లాసపు పాట. నన్ను నేను ప్రేమిస్తున్నాను అన్నది పల్లవి. రెండు గ్రామీలు కూడా తెచ్చింది. మరీ తేలిగ్గా ఉందని అప్పట్లో కొందరు ర్యాప్ అభిమానులు పెదవి విరిచారు.

ఆల్బమ్‌లో అదే పాట ఒక చిన్న వేదిక మీద పాడుతున్నట్టు ఉంటుంది. గిటార్ అంత శుభ్రంగా ఉండదు, జనం గోల ఉంటుంది. మధ్యలో గుంపులో కొట్లాట రేగుతుంది. పాట ఆగిపోతుంది. ఈ ఒక్క ఏడాదిలో మనవాళ్ళని ఎంతమందిని పోగొట్టుకున్నాం అని అతను మైకులో అడుగుతాడు. వాద్యాలేవీ లేకుండా మాటలతోనే ముగిస్తాడు. ఆత్మగౌరవం గురించి పాడటం వేరు, కొట్టుకుంటున్న జనం మధ్య నిలబడి దాన్ని చెప్పడం వేరు. సింగిల్ నచ్చనివాళ్ళు కూడా ఆల్బమ్‌లో ఇది విని మనసు మార్చుకున్నారు. 'యు'లో తనని తాను అసహ్యించుకున్న మనిషి 'ఐ'లో ఇక్కడికి చేరాడన్నది కూడా మర్చిపోకండి, అవి రెండూ జంట పాటలు.

చివర్లో టుపాక్ ఎలా మాట్లాడాడు? ఆయన 1996లోనే చనిపోయారు కదా?

ఆ గొంతు నిజంగా టుపాక్ షకూర్‌దే. 1994లో స్వీడన్ రేడియో జర్నలిస్టు మాట్స్ నీలెస్కార్ చేసిన ఇంటర్వ్యూ రికార్డింగ్ అది. కెండ్రిక్ తన ప్రశ్నల్ని ఆ జవాబులకి సరిపోయేలా రాసుకుని మధ్య మధ్య పలికాడు. డబ్బు, పేదల కోపం, నల్లజాతి యువకుడి ఆయుష్షు గురించి టుపాక్ అన్నది 2015లో చెప్పినట్టే ఉంటుంది.

ఆల్బమ్ పొడుగునా ముక్కలుగా విన్న కవిత ఎవరికి చదువుతున్నాడో అప్పుడు తెలుస్తుంది, అంతసేపూ టుపాక్ ఎదురుగా ఉన్నారు. చివరికి గొంగళిపురుగు కథ చదివి, మీరేమంటారు అని అడుగుతాడు. జవాబు రాదు. మళ్ళీ మళ్ళీ పేరు పెట్టి పిలుస్తాడు. అంతే, ఆల్బమ్ అక్కడే ఆగుతుంది.

'మోర్టల్ మ్యాన్' 12 నిమిషాల పాట. సంభాషణ ఎక్కువైందని అనేవాళ్ళు ఉన్నారు. పదోసారి వినేటప్పుడు అలా అనిపించొచ్చు, మొదటిసారి మాత్రం పూర్తిగా వినాలి.

కవర్ ఫోటోలో ఏముంది?

నలుపు తెలుపు ఫోటో. వైట్ హౌస్ ముందు చొక్కాల్లేని నల్లజాతి మగవాళ్ళు, పిల్లలు, చేతుల్లో నోట్ల కట్టలు, సీసాలు. కాళ్ళ దగ్గర ఒక తెల్లజాతి జడ్జి పడి ఉంటాడు, కళ్ళ మీద ఇంటూ గుర్తులు. మధ్యలో కెండ్రిక్ ఒక పసిపిల్లను ఎత్తుకుని ఉంటాడు. తీసింది ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ డెనీ రూవ్రే.

విమర్శలేమీ రాలేదా?

వచ్చాయి. గట్టిగా వచ్చినవి 'ద బ్లాకర్ ద బెర్రీ' మీద. జాతి వివక్ష మీద నిప్పులు కక్కుతూ సాగి, చివరి వాక్యంలో కత్తి తనవైపే తిప్పుకుంటుంది ఆ పాట. ట్రేవాన్ మార్టిన్ (2012లో ఒకతను కాల్చి చంపిన నల్లజాతి కుర్రాడు) చనిపోతే ఏడ్చిన నేను, ముఠా తగాదాలో నాకంటే నల్లనివాణ్ణి చంపాను కదా అని. వ్యవస్థ చేసే హింసని, వీధి ముఠాల హింసని ఒకే తూకంలో పెడతావా అని చాలామంది నిలదీశారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ ఆ చివరి వాక్యం 'నేను' అనే అంటుంది, 'మీరు' అని తనవాళ్ళ వైపు వేలెత్తి చూపదు. మాకు అది ఉపన్యాసంలా కాక ఒప్పుకోలులా వినిపిస్తుంది.

ఆడవాళ్ళ పాత్రలు ప్రలోభాలుగానో, దేశానికి ప్రతీకలుగానో తప్ప మనుషులుగా తక్కువ కనిపిస్తారన్న మాట కూడా నిజమే. 'కాంప్లెక్షన్'లో ర్యాప్సడీ అనే మహిళా ర్యాపర్ చరణం ఒక్కటీ ఆ లోటు కొంత తీరుస్తుంది. ఒంటి రంగు గురించి ఒక ఆడపిల్ల ఏం మోస్తుందో ఆమె చెప్పినంత సూటిగా ఆల్బమ్‌లో ఇంకెవరూ చెప్పలేదు.

మా ఫ్రెండ్ ఇది అసలు ర్యాపే కాదంటున్నాడు. ఏం చెప్పాలి?

'హుడ్ పాలిటిక్స్' మొదటి అర నిమిషం వినిపించండి. కాంప్టన్ నుంచి ఒక స్నేహితుడు ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు: ఏంట్రా, నిన్ను కూడా ఆ పిచ్చి పిచ్చి ర్యాప్‌లోకి దించేశారా అని. మీ ఫ్రెండ్ అభ్యంతరం ఆల్బమ్‌లోనే ఉంది. ఆ వెంటనే బీట్ మారి, అచ్చమైన వీధి ర్యాప్ ఎలా ఉంటుందో చూపిస్తాడు.

ఎన్ని గ్రామీలు వచ్చాయి?

2016 గ్రామీల్లో అతనికి 11 నామినేషన్లు, 5 బహుమతులు. వాటిలో నాలుగు ఈ ఆల్బమ్‌వి: ఉత్తమ ర్యాప్ ఆల్బమ్, 'ఆల్‌రైట్'కి రెండు, 'దీజ్ వాల్స్'కి ఒకటి. ఐదోది టేలర్ స్విఫ్ట్‌తో చేసిన 'బ్యాడ్ బ్లడ్' వీడియోకి. ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ మాత్రం స్విఫ్ట్ '1989'కి వెళ్ళింది. అది అన్యాయమనే ఇప్పటికీ మా అభిప్రాయం. ఆ రాత్రి వేదిక మీద కెండ్రిక్, అతని బృందం ఖైదీల్లా సంకెళ్ళతో వచ్చి చేసిన ప్రదర్శన బహుమతి కంటే ఎక్కువకాలం గుర్తుండిపోయింది.

ఆ యాస నాకు అర్థం కాదు. విన్నా లాభం ఉందా?

ఉంది. మొదటిసారి మాటల జోలికి పోకండి, గొంతు ఏం చేస్తోందో వినండి. ఎక్కడ బొంగురుపోయింది, ఎక్కడ పసిపిల్లాడిలా పలికింది, ఎక్కడ నవ్వింది. సగం కథ అక్కడే తెలుస్తుంది. రెండోసారి సాహిత్యం ఎదురుగా పెట్టుకుని చదువుతూ వినండి. నుడికారాలు అర్థం కాకపోతే వివరణలు వెతుక్కోవచ్చు, కానీ ప్రతి వాక్యానికీ ఆగితే పాట చచ్చిపోతుంది. ఒక్కసారి కూర్చున్నప్పుడు మూడు నాలుగు పాటలు చాలు.

బూతులు బోలెడు ఉన్నాయి. పిల్లల ముందు స్పీకర్లో పెట్టేది కాదు. అయితే బడి పిల్లలకి పనికిరాదని మాత్రం అనలేం. న్యూజెర్సీలో ఒక హైస్కూల్ ఇంగ్లీషు టీచర్ దీన్ని టోనీ మారిసన్ నవల 'ద బ్లూయెస్ట్ ఐ'తో కలిపి పాఠంగా చెప్పారు. సంగతి తెలిసి 2015లో కెండ్రిక్ స్వయంగా ఆ బడికి వెళ్ళి పిల్లలు రాసినవి విన్నాడు.

79 నిమిషాలు ఒక్కసారే కూర్చోలేను. ఎక్కడ మొదలుపెట్టాలి?

'కింగ్ కుంటా'తో మొదలుపెట్టండి. 'రూట్స్' నవలలో, మళ్ళీ పారిపోకూడదని పాదం నరికేసిన బానిస కుంటా కింటే పేరుకి రాజు అని తగిలించిన పాట, బేస్ మొదలైన క్షణం నుంచి కాలు ఆగదు. అది ఎక్కితే 'ఆల్‌రైట్', 'హౌ మచ్ ఎ డాలర్ కాస్ట్'. ఈ మూడూ నచ్చితే ఒక రాత్రి ఫోన్ పక్కన పెట్టి మొదటి నుంచి చివరిదాకా వినండి. మామూలు ఇయర్‌ఫోన్స్ సరిపోతాయి, బేస్ పూర్తిగా చచ్చిపోయే ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు. థండర్‌క్యాట్ చేసిందంతా అక్కడ పోతుంది.

'యు ఎయింట్ గాట్టా లై' కాస్త నీరసంగా అనిపిస్తే కంగారుపడకండి, మాకూ అలాగే అనిపిస్తుంది.

ఇది నచ్చింది. తర్వాత ఏం వినాలి?

ముందు 2016 మార్చిలో వచ్చిన 'అన్‌టైటిల్డ్ అన్‌మాస్టర్డ్'. ఈ ఆల్బమ్ పనిలో మిగిలిపోయిన పాటలే చాలావరకు అవి, పేర్లు కూడా లేవు, తేదీలే ఉన్నాయి. చెక్కని బొమ్మల్లా గరుకుగా ఉన్నా జాజ్ పాలు ఎక్కువే.

ఆ వాద్యకారులు పట్టుకుంటే కమాసి వాషింగ్టన్ 'ద ఎపిక్' ఉంది, అదే 2015 మేలో వచ్చింది, దాదాపు మూడు గంటలు. ఫ్లయింగ్ లోటస్ 'యు ఆర్ డెడ్!' 2014ది, అందులో కెండ్రిక్ పాడిన పాట ఒకటి, హెర్బీ హాన్‌కాక్ కీబోర్డు కూడా ఉన్నాయి. మాటల కంటే గొంతు ఇష్టమైతే రాబర్ట్ గ్లాస్పర్ 'బ్లాక్ రేడియో'. వెనక్కి వెళ్ళాలనిపిస్తే 1975 నాటి పార్లమెంట్ ఆల్బమ్ 'మదర్‌షిప్ కనెక్షన్' వినండి, 'వెస్లీస్ థియరీ' ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

రాక్ వినేవాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. డేవిడ్ బోవీ తన చివరి ఆల్బమ్ 'బ్లాక్‌స్టార్' చేస్తున్నప్పుడు కెండ్రిక్ పాటలు బాగా విన్నామని ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటీ చెప్పారు. ర్యాప్‌ని అనుకరించలేదు వాళ్ళు. న్యూయార్క్ జాజ్ బృందాన్ని పిలిచి, ఏ కోవలో పడుతుందో పట్టించుకోకుండా వాయించమన్నారు. 'మోర్టల్ మ్యాన్' అయ్యాక 'బ్లాక్‌స్టార్' పెట్టి చూడండి.